పొరుగు పురపాలక సంఘాలు – పరస్పర సహకారం

పాఠ్యగ్రంథాలలో ప్రతి పురపాలక సంఘమూ తన ఎల్లలలో తాను స్వతంత్ర సంస్థగా గోచరిస్తుంది. కాని వాన నీటికి సరిహద్దు రాళ్ళు అడ్డురావు. నాచారం ఉప్పల్‌కు ఉత్తరాన ఉన్నది. మూసీ నది దక్షిణాన ఉన్నది. పైన కురిసిన వర్షమూ, పారిశ్రామికవాడల మురుగూ పల్లానికే పారుతాయి. ఎగువన నాలాను కబళించి ఇళ్ళు కట్టుకుంటే మునిగేవి దిగువవారి ఇళ్ళు. 2020 అక్టోబరులో హబ్సిగూడ, రామంతాపూర్ జలమయమైనప్పుడు అక్కడివారు అనుభవించినది ఇదే.

దిగువ సంఘం తన పన్నుల సొమ్ముతో ఎంత పెద్ద కాలువ త్రవ్వించినా, ఎగువ సంఘం కలిసిరానిదే ప్రయోజనం స్వల్పం. మరి వ్యయం ఎవరు భరించాలి? ఫ్రాన్సులో 1890 నాటి చట్టం, పొరుగు కమ్యూన్లు తమ ఉనికిని కోల్పోకుండానే ఉమ్మడి పనులకై ఒక సంఘంగా ఏర్పడే వీలు కల్పించింది. మన దేశంలో 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, 10 లక్షలు లేదా అంతకు మించిన జనాభా గల మహానగర ప్రాంతానికి ప్రణాళికా సంఘం ఉండాలన్నది. అందులో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులను స్థానిక సంస్థల ప్రతినిధులే తమలో నుండి ఎన్నుకోవాలి. నీటి పంపకం వంటి ఉమ్మడి విషయాలను ఆ సంఘం దృష్టిలో ఉంచుకోవాలి. ఇది చర్చకు పీట వేసే మార్గం.

హైదరాబాదు మాత్రం తరచు విలీనాన్నే ఆశ్రయించింది. 1933లో చాదర్‌ఘాట్, 1960లో సికింద్రాబాదు అలాగే కలిశాయి. 2007 ఏప్రిల్ 16న ఉప్పల్ కలాన్, కాప్రాలతో సహా 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీలు మహానగర పాలక సంస్థలో చేరాయి. (కలాన్ అంటే పెద్దది, ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు.) ఖజానా ఒక్కటైనది, నిజమే. అయితే నాచారం కాప్రా సర్కిల్‌లోనూ, ఉప్పల్ వేరొక సర్కిల్‌లోనూ పడ్డాయి. లోగడ రెండు పాలకవర్గాలు బహిరంగంగా తేల్చుకోవలసిన నాలా వ్యవహారం రెండు కార్యాలయాల ఉత్తరప్రత్యుత్తరంగా మారింది. పౌరునికి ఇది నష్టమేనని నా అభిప్రాయం. కౌన్సిలరును వీధిలో నిలదీయవచ్చు, దస్త్రాన్ని నిలదీయలేము.

ఎల్ల తూర్పుకు జరిగింది. బోడుప్పల్, పీర్జాదిగూడ 2016లో పురపాలక సంఘాలై, 2019లో నగరపాలక సంస్థలై, ఉప్పల్‌కు కొత్త పొరుగువారైనాయి. 2025 చివర వాటినీ బల్దియాలో విలీనం చేశారు.