యథాపూర్వం: మహమ్మారి అనంతరం మన కర్తవ్యం



2022 ఏప్రిల్ 2వ తేదీన శుభకృత్ నామ సంవత్సరం ప్రవేశించినది. దీనికి ముందు గడచిన రెండు సంవత్సరాల పేర్లను ఒకసారి తలచుకొనండి. 2020లో ఉగాది మార్చి 25న వచ్చినది. నాడు ప్రవేశించినది శార్వరి. శర్వరి అనగా రాత్రి. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనది సరిగా ఆనాడే. మరుసటి ఏడు ప్లవ. ప్లవమనగా తెప్ప. ఆ తెప్ప ఎక్కిన తొలి మాసాలలోనే వ్యాధి రెండవ ఉద్ధృతి మనలను ముంచెత్తినది. పేర్లను చూసి జోస్యం చెప్పుట నా ఉద్దేశం కాదు. అరవై సంవత్సరాల పేర్లు ఎన్నడో ఏర్పడి, వరుసగా తిరుగుచున్నవి. కాని రాత్రి గడచి, తెప్ప మీద సగం దూరం వచ్చినవాని మనఃస్థితిలోనే నాడు మనమందరం ఉంటిమనుటలో సందేహం లేదు. ఒడ్డు కనబడినది. అది నిజముగా ఒడ్డేనా అను శంక కూడా విడువలేదు.

"మళ్ళీ మామూలు రోజులు వస్తాయా, శాస్త్రిగారూ?" అని ఆలయ ప్రాంగణంలో అనేకులు నాడు అడిగినారు. ఆశకు కారణాలు లేకపోలేదు. 2021 జనవరి 16న మన దేశంలో టీకాలు మొదలైనవి. అక్టోబరు 21 నాటికి 100 కోట్ల మోతాదులు పూర్తియైనవి. 2022 జనవరిలో వచ్చిన మూడవ ఉద్ధృతి కూడా తగ్గినది. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా భరతఖండంలో కోటికి పైగా ప్రాణాలను బలిగొన్నది. అదియు అలలు అలలుగా వచ్చి, చివరకు శాంతించినది. ఇక సందేహానికీ కారణాలు ఉన్నవి. తగ్గినదనుకొన్న వ్యాధి రెండు పర్యాయాలు తిరిగి వచ్చినది కదా! కనుక ఈ ప్రశ్నకు శాస్త్రదృష్టితో సమాధానం వెదకుదము.

'యథాపూర్వం' అను వేదపదం

"మామూలు" అనునది ఉర్దూ ద్వారా మన భాషలో చేరిన అరబ్బీ పదం. దాని మూలార్థం "చేయబడునది, ఆచరణలో ఉన్నది" అని ఆ భాష తెలిసినవారు చెప్పుదురు. మన వేదంలో దీనికి దగ్గరి పదం "యథాపూర్వం". ఋగ్వేదం పదవ మండలంలోని 190వ సూక్తం మూడే ఋక్కులు గలది. దానికి అఘమర్షణ సూక్తమని ప్రసిద్ధి. ధాత సూర్యచంద్రులను, ద్యులోకమును, పృథివిని, అంతరిక్షమును ముందున్నట్లే కల్పించెనని అందులో ఉన్నది. అచ్చటి క్రియాపదం "అకల్పయత్". కల్పించెను, ఏర్పరచెను అని అర్థం. పూర్వస్థితి తనంతట తాను వచ్చెనని వేదం చెప్పలేదు. ఒకరు పూనుకొని దానిని చేసినారని చెప్పినది.

ఇంకొక విశేషం గమనించండి. ఆ సూక్తం సూర్యచంద్రులతో ఆరంభం కాలేదు. ముందు తపస్సు, ఆ తపస్సు నుండి ఋతము, సత్యము, పిదప రాత్రి, సముద్రము, సంవత్సరము చెప్పి, అటుపిమ్మటనే సూర్యచంద్రుల ప్రస్తావన చేసినది. అనగా బయటి లోకం చక్కబడుటకు ముందు నియమము, సత్యము నిలువవలెను. అంగళ్ళు తెరచినంతనే, రైళ్ళు నడచినంతనే మామూలు రోజులు వచ్చినవని భావించువారు క్రమమును తలక్రిందులు చేయుచున్నారు.

'సమానం' వేరు, 'అదే' వేరు

ఆ రెండేళ్ళలో ఇంటి మనిషిని పోగొట్టుకొన్నవారు "అందరూ మామూలు రోజులు వచ్చినవని సంతోషించుచున్నారు. మాకు ఏ మామూలు వచ్చును?" అని కన్నీరు పెట్టుచున్నారు. ఈ ప్రశ్నను దాటి పోరాదు. పైన చెప్పిన మంత్రమునే శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యంలో, దేవతాధికరణంలో ఉదాహరించినారు. ప్రతి కల్పంలోను సృష్టి ముందటి కల్పంలోని సృష్టితో సమానమైన నామరూపములు కలిగియుండునని అచ్చటి సిద్ధాంతం. సూత్రంలోని పదం "సమాన". వచ్చిన వసంతం నిరుటి వసంతమును పోలియుండును. నిరుడు రాలిన ఆకు మాత్రం తిరిగి కొమ్మకు అతుకుకొనదు. కొత్త చిగురు చూసి చెట్టు పాత ఆకును మరచినదని ఎవరైన నిందింతురా?

కావున దుఃఖితులారా, లోకం నవ్వుట మీ వారికి జరిగిన అపచారం కాదు. మీరు ఒకనాడు నవ్వినను అది ద్రోహం కాదు. లోకులారా, మీకును ఒక మాట. అన్నియు మునుపటివలెనే ఉన్నవని శోకించువారి ఎదుట పదే పదే చెప్పకుడు. వారి ఇంట ఒక పీట ఖాళీగా ఉన్నది.

చరకసంహితలోని జనపదోద్ధ్వంసం

మహమ్మారి ఆధునిక కాలపు వింత కాదు. చరకసంహిత విమానస్థానంలోని మూడవ అధ్యాయం దీనికే కేటాయింపబడినది. గ్రామాలకు గ్రామాలు నశించు ఉపద్రవమునకు అచ్చట పెట్టిన పేరు జనపదోద్ధ్వంసం. పాంచాల రాజధానియగు కాంపిల్యంలో, గంగాతీరమున, గ్రీష్మాంతవేళ పునర్వసు ఆత్రేయుడు శిష్యులతో సంచరించుచు, "ఉపద్రవ లక్షణాలు కనబడుచున్నవి. భూమి సారం కోల్పోవుటకు ముందే ఓషధులను సేకరించుడు" అను భావం గల ఆజ్ఞ ఇచ్చెను. అప్పుడు అగ్నివేశుడు అడిగిన ప్రశ్న నేటికిని నిలుచునట్టిది. మనుష్యుల ప్రకృతులు వేరు, ఆహారములు వేరు, బలములు, వయస్సులు వేరు. అట్లుండ ఒకే వ్యాధి అందరిని ఏకకాలమున ఎట్లు కబళించును?

ఆత్రేయుని సమాధానం ఇది: మనుష్యులు వేరైనను వారందరికి నాలుగు సాధారణములు. వాయువు, ఉదకము, దేశము, కాలము. ఇవి చెడినప్పుడు భేదం లేకుండ అందరికి వ్యాధి సంక్రమించును. ఇవి చెడుటకు మూలం అధర్మము, దానికి మూలం ప్రజ్ఞాపరాధం, అనగా తెలిసి తెలిసి బుద్ధి తప్పుట. నివారణగా ఔషధ రసాయనాలతోపాటు సత్యము, భూతదయ, దానము, దేవతార్చన, సదాచారము, శాంతి, ఆత్మరక్షణ మొదలగువానిని చెప్పెను. వైద్యుడు మందును, దేవతార్చనను ఒకే పట్టికలో చేర్చినాడు. ఒకటి ఉన్నది కనుక రెండవది వలదని అనలేదు. టీకా వేయించుకొనుట భక్తికి లోపమని తలచువారును, దైవమేమి చేసెనని హేళన చేయువారును ఈ అధ్యాయమును చదువవలెను.

ఈ కథ నుండి నేర్వదగినది ఇంకొకటి ఉన్నది. ఓషధులను కూర్చుమన్నది ఉపద్రవం ముదిరిన తరువాత కాదు, రాక మునుపే. మనం ఇప్పుడు ఆ నడిమి కాలంలో ఉన్నాము. భయం తగ్గినది గదా అని చేతులు కడుగుకొనుటను, జ్వరము వచ్చినవాడు ఇంట ఉండుటను మరచుట ప్రజ్ఞాపరాధమే అగును.

భక్తుల సందేహాలు

మొదటి సందేహం: ఆలయములను మూయుట అపచారం కాదా? 2020 మార్చి 20 నుండి తిరుమలలో భక్తులకు దర్శనం నిలిచినది. జూన్ 8న పరిమిత సంఖ్యలో ప్రయోగాత్మకముగా ఆరంభమై, 11 నుండి సామాన్య భక్తులకు కలిగినది. అయితే ఆ నడుమ స్వామికి సుప్రభాతం మొదలు ఏకాంతసేవ వరకు నిత్యకైంకర్యములు ఒక్కనాడైనను ఆగలేదు. 2020, 2021 సంవత్సరాలలో బ్రహ్మోత్సవములు ఏకాంతముగా జరిగినవి. భద్రాద్రిలో సీతారాముల కల్యాణం ఆ రెండేళ్ళును భక్తజనం లేకుండనే జరిగినది. ఆలయార్చన లోకక్షేమార్థం. మనం చూచినను చూడకున్నను అది జరుగవలసినదే, జరిగినది. దర్శనం మన భాగ్యం. నిలిచినది మన భాగ్యమే గాని భగవదారాధన కాదు.

రెండవ సందేహం: ఇప్పటికిని గుంపులోనికి పోవుటకు జంకుచున్నాము. ఇది విశ్వాసలోపమా? కాదు. కలియుగధర్మములను విశేషించి చెప్పినదిగా పేరుగన్న పరాశరస్మృతి, దేశవిపత్తులోను, ప్రవాసంలోను, వ్యాధులలోను ముందు దేహమును కాపాడుకొని, తరువాత ధర్మమును ఆచరింపుమని స్పష్టముగా చెప్పినది. వృద్ధులు, రోగపీడితులు ముఖాచ్ఛాదనం ధరించి, రద్దీలేని వేళ చూచుకొని దర్శనానికి వచ్చిన తప్పేమియు లేదు. అట్టివారిని చూచి నవ్వువారిదే దోషం.

కాని ఆ స్మృతివాక్యానికి ఉత్తరార్ధం వంటిది ఒకటి ఉన్నది. ఆపద తీరి, స్వస్థుడైన పిమ్మట ధర్మమును తిరిగి చేపట్టవలెను. నాకు కలుగు శంక ఇచ్చటనే. భయం క్రమముగా పోవును, సౌకర్యం అంత తొందరగా పోదు. తండ్రి ఆబ్దికమునకు సోదరులు ఒకచోట చేరకుండుట, పెద్దలను చూడబోక ఫోనులో పలుకరించుట, పెండ్లికి తెరమీదనే అక్షింతలు వేయుట, ఇవి ఆపత్కాలమున తప్పనివి. ఆపద్ధర్మము అలవాటుగా మారినచో అది ధర్మమని అనిపించుకొనదు. వేదపాఠశాలలనే చూడుడు. గురువు ఒకమారు చెప్పగా శిష్యులు రెండుమార్లు చెప్పుట సంత. ఫోనులో ఆ గొంతులు ఒకదానికొకటి వెనుకబడి, స్వరం కలియదు. కొంతకాలం దానితో నెట్టుకొని రావచ్చును. దానినే అధ్యయనమనరాదు.

మూడవ సందేహం అన్నిటికంటె బరువైనది: మావారి అంత్యక్రియలు విధిగా చేయలేకపోయినాము. కడసారి ముఖమైనను చూడలేదు. వారికి గతి ఏది? దేహమే లభింపనివారికి మోదుగ ఆకుకాడలతో ఆకృతి కల్పించి సంస్కరించు విధిని సైతం మన పూర్వులు ఏర్పరచినారు. అనగా కాలం మించినదని, దేహం దక్కలేదని శాస్త్రం ఎవరిని విడువలేదు. మీ గృహ్యసూత్రమును అనుసరించి చేయదగినదేమో మీ పురోహితుని అడిగి తెలిసికొనండి. ఆనాడు చేయలేకపోయినది అశక్తతచేత, అశ్రద్ధచేత కాదు. ఈ భేదమును మనస్సున నిలుపుకొని ఊరట పొందుడు.

ధర్మరాజు చూపిన మార్గం

యుద్ధానంతరం ధర్మరాజుకు రాజ్యం లభించినది. మనసు మాత్రం దానిని అంగీకరింపలేదు. వనమునకు పోవుదుననెను. సోదరులు, ద్రౌపది, వ్యాసుడు, శ్రీకృష్ణుడు ఎంతయో చెప్పిన పిమ్మట గాని పట్టాభిషేకమునకు సమ్మతింపలేదు. పిదప ఆయన చేసిన తొలి పనులలో కొన్నిటిని శాంతిపర్వం పేర్కొన్నది. యుద్ధంలో మరణించినవారికి, తనవారు ఎవరును లేనివారికిని శ్రాద్ధకర్మలు జరిపించెను. గతించినవారి పేర సభలు, చలిపందిళ్ళు, చెరువులు కట్టించెను. భర్తలను, కుమారులను కోల్పోయిన స్త్రీలను ఆదరించి పోషించెను. దీనులను, అంధులను దయతో చూచెను.

శోకమును మరచి రాజ్యమేలుట కాదు ఆయన చేసినది. శోకమును చలిపందిరిగా మార్చి, దారిన పోవు దప్పికగొన్నవానికి నీరందించెను. పూర్వస్థితిని కల్పించుట అనగా ఇదియే.

ఉగాదికి మనం చేయదగినవి

ఉగాది నాటికి ఊరూర చలివేంద్రములు పెట్టు ఆచారం మనకు ఉండనే ఉన్నది. ఆ రెండేళ్ళలో మీ వీధిలో గతించిన, దిక్కులేని ఒకరి పేర ఒక కుండ అదనముగా పెట్టుడు. గ్రీష్మం ముగియువరకు దానిని నింపు బాధ్యతను ఇంటి పిల్లలకు అప్పగించుడు.

ఆలయములను నమ్ముకొని బ్రదుకు పూలవారు, కొబ్బరికాయల వారు, నాదస్వర విద్వాంసులు, కుమ్మరులు ఆ రెండేళ్ళు ఆదాయం లేక నలిగినారు. ఇంటి శుభకార్యమునకు మేళం వారిని పిలుచుడు. గుడి ముందరి అమ్మ వద్దనే మాల కొనుడు, బేరమాడకుడు.

తల్లినో తండ్రినో కోల్పోయిన బాలుడు మీ బంధువులలో ఉన్నచో, పండుగనాడు బట్టలు పెట్టి ఊరకుండక, వాని చదువు పూర్తియగు వరకు విచారించు ఒక పెద్దగా నిలువుడు.

ఇక ఏవి తిరిగి రావలెనో, ఏవి రాకున్నను మంచిదో ఇంటిల్లిపాది కూర్చుండి యోచించుడు. అన్నదాన పంక్తిలో అందరు కలసి కూర్చుండుట రావలెను. క్యూలో ముసలివారిని తోసికొని ముందుకురుకుట రానక్కరలేదు. పెండ్లిలో బంధుజనం రావలెను. విస్తళ్ళలో అన్నం పారవేయుట రానక్కరలేదు.

సుశ్రుతుడు స్వస్థుని లక్షణం చెప్పుచు దోషములు, అగ్ని, ధాతువులు సమముగా ఉండుటతో నిలువలేదు. ఆత్మ, ఇంద్రియములు, మనస్సు ప్రసన్నముగా ఉండవలెనని కూడా చేర్చినాడు. ఆ ప్రసన్నత కలుగువరకు వ్యాధి తగ్గినదని మాత్రమే అనవలెను, స్వస్థులమైతిమని అనరాదు. 2022లో ప్రవేశించిన సంవత్సరం పేరు శుభకృత్, శుభమును చేయునది. ఆ పేరులోని "కృత్" అను భాగం మనయందు సార్థకమగుగాక. సర్వేశ్వరుడు అందరికి ఆయురారోగ్యములను, గతించినవారికి సద్గతిని ప్రసాదించుగాక.

స్వస్తి.