గైడ్‌ను మార్చుకోవచ్చా?

ప్రశ్న: మాది భైంసా. మా పత్తి మార్కెట్‌పై ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇది రెండో ఏడు. ఇచ్చిన చాప్టర్లను గైడ్ నెలల తరబడి చూడటం లేదు. మార్చమని అడిగితే నా చదువు దెబ్బతింటుందా?
– ఓ పరిశోధక విద్యార్థిని

జవాబు: అడగండమ్మా, అది మీ హక్కు. అయితే ముందు మీ విభాగంలో ఖాళీ ఎవరి దగ్గరుందో చూసుకోండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒకేసారి ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి గైడ్‌గా ఉండకూడదు. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. అందుకే మనసున్నా చాలామంది దగ్గర చోటుండదు.

ఒకరు సరేనన్నాక ఇప్పటి గైడ్‌ను మర్యాదగా కలిసి, పని ఆగిపోయిందని చెప్పండి. నిందలు వద్దు. ఆయన అభ్యంతరం లేదని రాసిస్తే దారి సులువు. ఇవ్వకపోయినా విభాగాధిపతికి దరఖాస్తు పెట్టండి. చాప్టర్లు పంపిన తేదీలు, ఈమెయిళ్లే మీకు బలం. సెమిస్టర్‌కోసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందుకు వెళ్తారు కదా, అక్కడా చూపండి.

ఆరేళ్ల గడువు చేరిన రోజు నుంచే లెక్క. గైడ్ మారితే మళ్లీ మొదలు కాదు. మహిళలకు రెండేళ్ల అదనపు సడలింపు ఉన్నా, దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయకండి. రైతుల దగ్గర సేకరించిన సమాచారం మీ కష్టం, అంశాన్ని మాత్రం వదలొద్దు. వచ్చే కమిటీ సమావేశానికి ముందే దరఖాస్తు ఇవ్వండి.