మోకాలు చూపించుకున్నంకనే సంతకం

అల్లుడా,

నువ్వు అచ్చంపేట కబడ్డీ జట్టును ఇడిచిపెట్టి హైదరాబాద్‌ల ఏదో క్లబ్బుకు పోతున్నవని మన్ననూరు చెక్‌పోస్టు కాడ ఎవరో అన్నరట. ఇక్కడ అమ్రాబాద్‌ల మీ అమ్మ ఆ మాట పట్టుకొని సరిగ తింటలేదు. నీ ఉత్తరంల మాత్రం ఆ ముచ్చటే లేదు, రాహుల్ చౌదరి మీద పేజీ నిండ కోపం ఉంది. ప్రో కబడ్డీల ఆరు సీజన్లు తెలుగు టైటాన్స్‌కు ఆడి, 2019ల తమిళ్ తలైవాస్‌కు పోయిండనే కదా? ఇన్నేండ్లాయె, ఇంక చల్లారలేదా బిడ్డా?

ఆయనది యూపీల బిజ్నోర్ దిక్కు. మనకేం మాటియ్యలేదు. పైగా మనోళ్లు ఉంచుకోకపోతెనే వేలానికి వచ్చిండు. తలైవాసోళ్లు 94 లక్షలు పెట్టిన్రు, పోయిండు. అదే వేలంల టైటాన్సోళ్లు సిద్ధార్థ్ దేశాయ్ మీద కోటి 45 లక్షలు పెట్టిన్రు. ఆటగాడు ఉంటడా పోతడా అని అందరం లొల్లి చేస్తం గాని, జట్టు ఉంచుకుంటదా లేదా అని ఎవ్వరడుగరు.

సరె, అసలు సంగతికి వస్త. నీ కుడి మోకాలు ఎట్లుంది?

నవ్వకు. పవన్ సెహ్రావత్‌ను చూడు. 2022ల తలైవాసోళ్లు రెండు కోట్ల 26 లక్షలు పోసి కొనుక్కుంటె, మొదటి మ్యాచ్‌లనే మోకాలు పట్టుకొని పడిపోయిండు. సీజన్ అంత బయటనే. బాగుచేయించుకొని లేచిండు కాబట్టి 2023ల హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌ల కెప్టెనై దేశానికి బంగారు పతకం తెచ్చిండు, టైటాన్సోళ్లు రెండు కోట్ల 60 లక్షలకు తెచ్చుకున్నరు. ఆ ఏడు 22 మ్యాచుల్ల మనం గెలిచినవి రెండు, అది వేరే ముచ్చట. 2025ల మళ్ల తలైవాస్‌కే పోయిండు, 59న్నర లక్షలకు. మనిషి అదే, కూత అదే.

ఇగ నువ్వు రాసిన ఆ బాస్కెట్‌బాల్ పొడుగాయన, యానిస్. మిల్వాకీ అసొంటి చిన్న ఊరి జట్టును ఇడువలేదంటివి. అప్పుడైతె నిజమే. 2020 డిసెంబర్‌ల అయిదేండ్లకు 22 కోట్ల 80 లక్షల డాలర్లకు సంతకం చేసిండు, 2021ల కప్పు గెలిపించిండు. ఆ కప్పుకు ముందు అట్లాంటాతోని ఆడంగ ఆయన ఎడమ మోకాలు ఎట్ల ఎనకకు ఒంగిందో వీడియో చూసినవా? చూసి నేను కండ్లు మూసుకున్న. గంత కాయితం చేతుల ఉన్నోనికి డాక్టర్లు చుట్టూ ఉంటరు. నీ చుట్టూ ఎవరున్నరు?

మా కాలంల ఎండకాలం చెరువు ఎండితె అండ్లనే చెడుగుడు. ఒకసారి పక్కూరోళ్లు మా కూతగాన్ని కిరాయికి పిలుచుకపోయిన్రు. యాటకూర పెట్టిన్రు, కొత్త ధోతి కట్టిచ్చిన్రు. బీటల్ల కాలిరిగింది. పొద్దుగూకంగ బండిల ఏసుకొచ్చి ఆయన గడప ముంగట దించిపోయిన్రు. ధోతి మాత్రం మళ్ల అడుగలేదు, గంత మర్యాద. ఆ బండి ఎడ్లు ఎంత మంచియో, మన పొడ తూర్పు ఎడ్లు, ఒంటినిండ మచ్చలు, గుట్ట ఎక్కమంటె ఎక్కేటియి. కురుమూర్తి జాతరల అసొంటి ఎద్దును కొనేటోడు కొమ్ముల అందం జూసి పైసలియ్యడు, నడిపించి, మోకాలు ఒత్తి చూస్తడు. నిన్ను కొనేటోడు గూడ అంతే.

పోతె పో. వద్దనే మామను కాను. అచ్చంపేటోళ్లు మంచోళ్లే, బూట్లు కొనిచ్చిన్రు, ఆ సంగతి మరువకు. వాళ్లకు నీ నోటితోనే చెప్పు, చెక్‌పోస్టు కాడ తెలువొద్దు. క్లబ్బోళ్లను మాత్రం ఒకటడుగు: మోకాలు పోతె ఆపరేషన్ ఖర్చు ఎవరిది, ఆడని నెలల్ల జీతం ఉంటదా? నోటిమాట కాదు, కాయితం మీద రాయించు. జవాబు నసిగితె వచ్చెయ్.

మ్యాట్ మీద బోనస్‌కు కాలు చాపినప్పుడు నీ బరువంత ఆ ఒక్క మోకాలి మీదనే పడుతదిరా. టీవీల చూస్తుంటె మీ అత్త లేచి అవుతలికి పోతది.

ఈ వారంలనే ఎమ్మారై తీయించు. పైసలు మీ అమ్మను అడుగకు, పల్లికాయ అమ్మినయి నా కాడ ఉన్నయి. రిపోర్టు ఫోటో తీసి పంపు. మాకు సిగ్నల్ దొరికేది బస్టాండ్ కాడనే, పంపినంక ఒక మిస్‌డ్ కాల్ ఇయ్యి, నడుచుకుంట పోయి చూస్త.

మీ మామ