కాలువ నేర్పు పౌరశాస్త్రము

హైస్కూలు తరగతులలో సాంఘికశాస్త్రము చరిత్ర, భూగోళము, పౌరశాస్త్రము, అర్థశాస్త్రము అను నాలుగు భాగములుగా బోధింపబడుచున్నది. పుస్తకములో ఇవి వేర్వేరు ప్రకరణములు. పరీక్షాపత్రములో వేర్వేరు ప్రశ్నలు. లోకములో మాత్రము ఇవి వేర్వేరుగా నుండవు. తూము దగ్గఱ నిలుచుండి నీటికొఱకు ఎదురుచూచు రైతు ముందట నది యున్నది, నది వెనుక చరిత్ర యున్నది, తూముపై శాసన మున్నది, పంటపై ధర యున్నది. ఆతడు ఒక్కదినమున నాలుగు శాస్త్రములను అనుభవించుచున్నాడు. అతని కుమారుడు బడిలో వానిని నాలుగు ముక్కలుగా వల్లించుచున్నాడు.

గ్రామసభ యనగా నేమి యను ప్రశ్నకు తప్పులేని జవాబు వ్రాసిన బాలుడే తన యూరి గ్రామసభ యెప్పుడు జరిగినదో యెఱుగకుండుట మనము తఱచుగా చూచుచున్న సంగతి. అతడు నేర్చినవి మాటలు. ఆ మాటలు తనవనియు, తన యింటికి సంబంధించినవనియు అతనికి తెలియలేదు. కావున ఉపాధ్యాయుడు బడి చుట్టునున్న ఒక్క వస్తువును తీసికొని దానినుండియే నాలుగు శాస్త్రములను చదివింపవలెను. గోదావరి డెల్టాలోని బడులకు పంటకాలువను మించిన పుస్తకము లేదు. ఆ పాఠము నడపదగిన తీరును ఇచ్చట వివరింతును.

1. నదియు, ఆనకట్టయు

గోదావరి నాసిక సమీపమున త్ర్యంబకమువద్ద పుట్టి, సుమారు 1465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమును చేరుచున్నది. ఇంత గొప్ప నది ప్రక్కనే యున్నను పూర్వము డెల్టా రైతు వానకొఱకే ఆకాశము చూచెడివాడు. నీరు ఎదుటనే సముద్రమున కలియుచుండ పొలము బీటలు వాఱెడిది. 1832–33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను పీడించిన కరవును ప్రజలు డొక్కల కరవని పిలిచిరి. ఆ పేరు విన్న విద్యార్థికి కరవు యొక్క రూపమును వేఱుగా వర్ణింప నక్కఱలేదు.

ధవళేశ్వరముకడ ఆనకట్ట నిర్మాణము ఆర్థర్ కాటను దొర యాజమాన్యమున 1847లో ప్రారంభమై 1852లో ముగిసెను. తెలుగువాడగు వీణెం వీరన్నగారు ఆ పనిలో ఆయనకు చేదోడుగా నుండిరి. పాత యానకట్టకు బదులుగా కట్టిన 175 తలుపుల బ్యారేజి 1982 నాటికి పూర్తియయ్యెను. దీనినుండి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు బయలుదేఱి సుమారు 10 లక్షల యెకరములను తడుపుచున్నవి.

ఇచ్చట కొంత లెక్కయు చేయింపవచ్చును. సెకనునకు ఒక ఘనపుటడుగు చొప్పున పాఱు నీటిని ఒక క్యూసెక్కందురు. నూఱు కోట్ల ఘనపుటడుగులు ఒక టి.ఎమ్.సి. ఒక దినమునకు 86,400 సెకనులు గనుక, సుమారు 11,574 క్యూసెక్కులు ఒక దినమంతయు పాఱినచో ఒక టి.ఎమ్.సి. యగును. వార్తాపత్రికలోని అంకెలు అప్పుడు పిల్లలకు అర్థవంతములగును.

ఆనకట్ట నీటిని నిలిపినది. దాని నెవరెవరు ఎంతెంత పంచుకొనవలెనో అది చెప్పలేదు. రాతికట్ట చెప్పలేని ఆ సంగతిని మనుష్యులు కూర్చుండి నిర్ణయింపవలసియున్నది. పౌరశాస్త్ర మచ్చటనే మొదలగుచున్నది.

2. చింతపిక్కల పాఠము

తరగతిలోని పిల్లలను ముందునుండి వెనుకకు పది బల్లలుగా కూర్చుండబెట్టవలెను. ఒక్కొక్క బల్ల ఒక్కొక్క పొలము. మొదటి బల్ల కాలువ తలవైపున నున్నది. పదవ బల్ల శివారు పొలము. నూఱు చింతపిక్కలను మొదటి బల్లకిచ్చి, తమకు కావలసినవి యుంచుకొని మిగిలినవి వెనుకకు పంపుమని చెప్పవలెను. పది పిక్కల నీటికి పది బస్తాల పంట. పదికి తక్కువైనచో పంటయు అంతకు తగినట్లే తగ్గును. పదికి మించిన నీరు పంటను పెంచదు. ఏ బల్లయు పదునైదింటికి మించి తీసికొనరాదు.

ఏమి జరుగునో చూడుడు. ముందు ఆఱు బల్లలవారు పదునైదేసి తీసికొన్నచో తొంబది పిక్కలు అచ్చటనే ముగియును. ఏడవ బల్లకు పది దక్కును. చివరి మూడు బల్లలకు ఒక్కటియు చేరదు. ఊరి పంట డెబ్బది బస్తాలు. పదేసి చొప్పున పంచుకొనియుండినచో నూఱు బస్తాలు పండియుండెడివి. నష్టమైన ముప్పది బస్తాలు ముందువారి గాదెలకును చేరలేదు. అవి ఎవ్వరికిని కాకుండ పోయినవి.

పనికిరాని నీటిని ఏల తీసికొంటిరని అడుగవలెను. అత్యాశ యని కొందఱందురు. ఆలోచించు పిల్లలు మఱియొక కారణము చెప్పుదురు: “మరల నీరు ఎప్పుడు వచ్చునో తెలియదు గదా!” అర్థశాస్త్రములో ఇది ముఖ్యమైన సంగతి. నమ్మకము లేనిచోట మనుష్యుడు అక్కఱకు మించి కూడబెట్టును. వంతు తప్పక వచ్చునను నమ్మకము కలిగినప్పుడు తనకు చాలినంతతో తృప్తిపడును. వంతులవారీ పద్ధతియు, తూముకడ లస్కరు కావలియు ఈ నమ్మకమును పుట్టించుటకే యేర్పడినవి.

3. ఎక్కువమంది చెప్పినదెల్ల న్యాయమా?

తరువాత తరగతిలో సభ జరుపవలెను. “వచ్చు సంవత్సరము కూడ ఇట్లే తీసికొందము” అను తీర్మానమును పెట్టి, ఎవరి లాభమునుబట్టి వారిని చేతులెత్తుమనవలెను. ముందు ఆఱు బల్లలు అవుననును. వెనుక నాలుగు కాదనును. ఆఱునకు నాలుగు, తీర్మానము నెగ్గినది. ఓట్లు సరిగానే లెక్కింపబడినవి. అయినను చివరి మూడు బల్లలు ఎండిపోయినవి. ఇది ప్రజాపాలనయేనా?

ఈ ప్రశ్నకు జవాబు ఉపాధ్యాయుడు వెంటనే చెప్పరాదు. ఆటను ముందుకు నడపవలెను. ప్రతి సంవత్సరము పది బల్లలవారును కలిసి కాలువలోని మేటను, గుఱ్ఱపు డెక్కను తీయవలెను. రాని బల్ల ఒక్కొక్కదానికి పది పిక్కల నీరు తగ్గును. నీరు దక్కని చివరి మూడు బల్లలవారు రెండవ యేట పనికేల వత్తురు? నీటి తీరువా యేల చెల్లింతురు? వారు రాలేదు, డెబ్బది పిక్కలే పాఱినవి. మొదటి నాలుగు బల్లలు అరువది తీసికొన్నవి, అయిదవదానికి పది దక్కెను, ఆఱవది ఎండెను. ఊరి పంట ఏబది బస్తాలు. మూడవ యేట వెనుక అయిదు బల్లలు పనికి రాలేదు. ఏబది పిక్కలే వచ్చినవి. మూడు బల్లలు నలువదియైదు తీసికొన్నవి. నాలుగవదానికి అయిదు మిగిలెను. అయిదవదానికి ఏమియు లేదు. పంట ముప్పదియైదు బస్తాలు.

తీర్మానమునకు చేయెత్తిన ఆఱవ బల్ల రెండవ యేటనే ఎండెను. అయిదవది మూడవ యేట ఎండెను. పరుని వంతును తీసివేయుటకు ఓటువేసినవాడు తన వంతునకు కావలియైన నియమమునే తీసివేసికొన్నాడు. ఈ సంగతిని పిల్లలు తమంతట తాము కనుగొనినప్పుడు, భారత రాజ్యాంగమున 14వ అధికరణము చట్టము నెదుట సమానత్వమును ఎందుకు నిలిపినదో వారికి బోధపడును. న్యాయమైన మార్గములు పెక్కు గలచోట వానిలో దేనిని కైకొనవలెనో ఎక్కువమంది నిర్ణయింపవచ్చును. ఒకని న్యాయమైన హక్కును హరించుటకు మాత్రము ఎక్కువమంది యగుట చాలదు.

అమెరికా పండితురాలు ఎలినార్ ఆస్ట్రమ్ అనేక దేశములలో ఉమ్మడి నీరు, అడవి, పచ్చికబయలు మొదలగువానిని ప్రజలు కాపాడుకొను విధములను పరిశీలించినది. 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. అనుభవించువారే నియమములను చేసికొని, తామే కావలి కాచుకొని, తప్పునకు తగినంత దండన విధించుకొన్నచోట ఉమ్మడి సంపద తరతరములు నిలుచుటను ఆమె చూపినది. మన చింతపిక్కలును ఆ మాటయే చెప్పుచున్నవి.

4. నీటి వెనుకనున్న శాసనము

ఇప్పుడు పుస్తకము తెఱవవచ్చును. రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో నీరు రాష్ట్రముల జాబితాలోనిది. అయినను పెక్కు రాష్ట్రములగుండ ప్రవహించు నదుల విషయమున కేంద్రమునకును అధికారము కలదు. నదీజలముల తగవులను తీర్చుటకు 262వ అధికరణమును, 1956 నాటి శాసనమును ఉన్నవి. గోదావరి విషయమై 1969లో ఏర్పడిన ట్రిబ్యునలు జస్టిస్ బచావతు అధ్యక్షతన 1980లో తుదితీర్పు నిచ్చెను. ఎగువ రాష్ట్రము, దిగువ రాష్ట్రము అనగా ముందు బల్ల, వెనుక బల్ల యనియే పిల్లలు గ్రహింతురు.

ఊరివద్ద సంగతి చూతము. 1997లో ఆంధ్రప్రదేశమున చేయబడిన శాసనము సాగునీటి నిర్వహణలో రైతులకు భాగమునిచ్చెను. నీటి వినియోగదారుల సంఘములు, వానిపై డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, వానిపై ప్రాజెక్టు కమిటీలు అని మూడంతస్తులు దాని యేర్పాటు. ఇచ్చట పిల్లలను ఒక ప్రశ్న అడుగవలెను: భూమి లేక, ఆ నీటితో పండు వరిలో నాట్లు వేసి కూలి సంపాదించు స్త్రీకి ఈ పంపకములో మాట యున్నదా? దాళ్వాకు నీరు రానియెడల ఆమెకును పని లేదు గదా! రికార్డులో పేరులేని కౌలుదారు మాట యేమి? ఇట్టి ప్రశ్నలకు పుస్తకములో సిద్ధమైన జవాబు లేకున్నను పాఠమున వీనికి చోటుండవలెను.

5. అర్జీ

పాఠము చివర ప్రతి విద్యార్థియు ఒక అర్జీ వ్రాయవలెను. ఏ బోదె పూడినది, ఎన్నాళ్లనుండి, ఎన్ని యెకరములకు నష్టము, ఏమి కోరుచున్నాము, ఎవరిని కోరుచున్నాము అను అయిదు సంగతులు మర్యాదగా, స్పష్టముగా నుండవలెను. నిందలు, వినికిడి మాటలు కూడవు. 2005 నాటి సమాచారహక్కు శాసనముచేత, సాధారణముగా 30 దినములలోపల, ప్రభుత్వ కార్యాలయమునుండి జవాబు కోరు హక్కు పౌరునికి గలదని అప్పుడే చెప్పవలెను.

తోడి ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ పాఠమున ఏ యూరి పేరును, ఏ బాలుని తండ్రి పేరును ఎత్తరాదు. తలవైపు ఊరి పిల్లయు, శివారు ఊరి పిల్లయు ఒకే బల్లపై కూర్చుందురు. పెద్దల తగవును ఆ బల్లమీదికి తేరాదు. ఆట మరల ఆడించునపుడు ముందువారిని వెనుకకును, వెనుకవారిని ముందునకును మార్చవలెను. శివారున కూర్చుండి ఖాళీ చేతులు చూచుకొన్న బాలుడు తలవైపునకు వచ్చినప్పుడు ఏమి చేయునో, అదియే ఈ పాఠమునకు నిజమైన పరీక్ష.

తల్లిదండ్రులకును ఒక మాట. మీ పిల్లలు నీటి తీరువా రసీదు చూపుమనియు, గ్రామసభ యెప్పుడనియు అడిగినచో విసుగుకొనకుడు. అది చదువు మానుకొనుట గాదు. చదువే యింటికి వచ్చుట.

విద్యార్థులారా! 1989నుండి మన దేశమున పదునెనిమిది యేండ్లు నిండినవారికి ఓటుహక్కు కలదు. మీలో పదవ తరగతివారికి అది మూడేండ్ల దూరమున నున్నది. ఆ దినమున మీ చేతిలో నున్నది ఒక ఓటే యైనను, మీ వెనుక బల్లవాని వంతును మఱువకుడు. కాలువ చివరనున్న పొలము తడిసినప్పుడే కాలువ బాగుగా పాఱినదని మన రైతులు లెక్కింతురు. దేశమునకును ఆ లెక్కయే చెల్లును.