ఇంటి హరితగృహమున బుట్టమిరప పెంపకము

ఢిల్లీలోను, దానిని ఆనుకొనియున్న నోయిడా, గాజియాబాదు, గురుగ్రామములలోను నివసించు తెలుగు కుటుంబములకు బుట్టమిరప క్రొత్తది కాదు. అక్కడి అంగళ్లలో శిమ్లా మిర్చి యని అమ్మబడునది ఇదియే. ఇందు కారము లేదు. సి విటమిను మాత్రము సమృద్ధిగా కలదు. నూరు గ్రాముల పచ్చికాయలో సుమారు 80 మిల్లీగ్రాములు, ఎఱ్ఱగా పండిన కాయలో 120 మిల్లీగ్రాములకు పైగా ఉండును. హంగరీ శాస్త్రజ్ఞుడు సెంట్ గ్యోర్గీ ఈ విటమినును విరివిగా రాబట్టినది మిరపపండ్లనుండియే. ఆయనకు 1937లో నోబెల్ బహుమానము లభించినది.

ఆరోగ్యమునకు దీని ఉపయోగము

భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించిన ప్రకారము ఎదిగిన పురుషునకు దినమునకు 80, స్త్రీకి 65 మిల్లీగ్రాముల సి విటమిను కావలెను. పప్పులలోను, ఆకుకూరలలోను ఉన్న ఇనుము శరీరమునకు సులభముగా పట్టదు. అదే భోజనములో సి విటమిను ఉన్నచో చక్కగా పట్టును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కనబడినది. కావున ఈ కాయ మన పళ్లెములో ఉండుట మేలు. అయితే వైద్యులిచ్చిన ఇనుపధాతువు మాత్రలకు ఇది బదులు కానేరదు.

హరితగృహ మెందులకు?

ఢిల్లీ చలికాలమున రాత్రులు 5 డిగ్రీలకు దిగుటయు, మే, జూన్ మాసములలో పగలు 45 డిగ్రీలకు చేరుటయు కలదు. బుట్టమిరపకు పగలు 21 నుండి 28 డిగ్రీలు, రాత్రి సుమారు 16 నుండి 18 డిగ్రీలు అనుకూలము. చలికి ఎదుగుదల నిలిచిపోవును. ఎండకు పూత రాలును. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో 1990వ దశకపు చివర ఇజ్రాయెల్ సహకారముతో హరితగృహ సేద్యము చేసి చూపబడినది. ఆ పద్ధతినే చిన్న పరిమాణమున ఇంటి డాబాపై అనుసరింపవచ్చును.

నిర్మాణము, పెంపకము

వెదురు లేక ఇనుప గొట్టముల చట్రముపై ఎండకు చెడని పాలిథీన్ పట్టా కప్పి, ప్రక్కలకు తెల్లదోమ దూరని సన్నని వల కట్టవలెను. ధూళిగాలులకు ఎగిరిపోకుండ చట్రమును గట్టిగా బిగింపవలెను. తడిసిన కుండీలు మిక్కిలి బరువు. వానిని గోడలపైకి వచ్చు భాగముననే ఉంచవలెను.

జూలై చివర లేక ఆగస్టులో విత్తనము సెంటీమీటరు లోతున నాటి, నాలుగైదు వారముల నారును సెప్టెంబరులో అడుగు వెడల్పు కుండీలలోనికి మార్చవలెను. మట్టితో సమముగా చివికిన పశువుల ఎరువును, కొంత కొబ్బరిపొట్టును కలుపవలెను. మొక్కకు రెండు కొమ్మలను మాత్రము నిలిపి, త్రాటితో పైకి కట్టవలెను. లోపల గాలి తక్కువగుటచే పూత సమయమున మొక్కను ఉదయము మెల్లగా కదలించిన కాపు బాగుగా నిలుచును. నీరు ఒకనాడు మిక్కుటముగాను, ఒకనాడు లేకయు పోసినచో కాయ అడుగు నల్లబడి కుళ్లును. శీతకాలమున మధ్యాహ్నము ప్రక్కపట్టాలు తెఱచి, సూర్యాస్తమయమునకు ముందే మూయవలెను.

దోమల విషయమున జాగ్రత్త

నారు నాటు కాలమే ఢిల్లీలో డెంగీ వ్యాపించు కాలము. ఆ దోమ ఎక్కువగా నిలువ ఉన్న మంచినీటి చోట్ల గ్రుడ్లు పెట్టును. కుండీల క్రింది పళ్లెములను, పట్టా ముడుతలలో నిలిచిన నీటిని వారమునకు ఒకసారియైనను పారబోసి, పళ్లెములను రుద్ది కడిగి ఆరబెట్టవలెను. నీటి తొట్లపై మూత తప్పనిసరి. ఈ జాగ్రత్త లేనిచో ఆరోగ్యమునకై పెంచిన తోటయే ఇంటికి రోగము తెచ్చును.

వాడుక

డిసెంబరు నాటికి పచ్చికాయలు కోతకు వచ్చును. మఱికొన్ని వారములు ఆగినచో ఎఱ్ఱబడును. వేడివలన సి విటమిను నశించును గనుక కోసిన దినముననే కడిగి, పచ్చిగా పెరుగుపచ్చడిలో గాని, పప్పు దింపు ముందు చేర్చి గాని తినుట మంచిది. ఎఱ్ఱని కాయలో సగము ఒక మనిషికి ఆనాటి సి విటమినుకు చాలును.