మార్జిన్‌ని క్రాప్ చేయకండి

సీనియర్ల దగ్గర సెకండ్ హ్యాండ్ పుస్తకం కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? అచ్చయిన పాఠం అన్ని కాపీల్లోనూ ఒకటే. పక్కన పెన్సిల్‌తో ఎవరు ఏం రాసిపెట్టారో చూస్తాం. కష్టమైన లైన్ పైన తెలుగులో రెండు ముక్కలు ఉంటే ఆ కాపీకి గిరాకీ ఎక్కువ.

పశ్చిమ ఆఫ్రికాలో చాలా కుటుంబాల దగ్గర ఇలాంటి పుస్తకాలు తరాలుగా ఉన్నాయి. అన్నీ చేతిరాతవే. ఉదాహరణకి సెనెగల్ దక్షిణాన కాజమాన్స్ అనే ప్రాంతం ఉంది. అక్కడి మాండింకా ఇళ్లలో ఉన్న కొన్ని అరబిక్ ప్రతుల్లో లైన్ల మధ్య, అంచుల్లో మాండింకా భాషలో అర్థాలు కనిపిస్తాయి. లిపి మాత్రం అరబిక్‌దే. ఇలా అరబిక్ లిపిలో సొంత భాష రాయడాన్ని అజమీ అంటారు. గురువు పాఠం చెప్తుంటే శిష్యుడు రాసుకున్న ప్రతిపదార్థం అనుకోండి.

నాకు బాగా నచ్చిన కేసు నైజీరియాలోని బోర్నోది. ఎ.డి.హెచ్. బివార్ అనే పరిశోధకుడు 1950ల్లో అక్కడ కొన్ని పాత ఖురాన్ ప్రతులు చూశాడు. ఒకదానిలో 1669కి సరిపోయే తేదీ ఉంది. పేజీకి కొన్ని లైన్లే, మధ్యలో బోలెడు ఖాళీ. వివరణ రాసుకోవడానికే ఆ ఖాళీ. అందులో ఉన్నది పాత కనెంబు భాష. ఇప్పుడు కనూరి మాట్లాడేవాళ్లకి కూడా అది నేరుగా అర్థం కాదు. మూల పాఠం ప్రపంచమంతా దొరుకుతుంది. ఆ సన్నటి రాతలు మాత్రం ఆ ప్రతుల్లోనే ఉన్నాయి. ఒక కాగితం చెదలకి పోతే ఒక భాష చరిత్రలో కొన్ని మాటలు పోయినట్టే.

అయితే అన్నిసార్లూ చెదలే శత్రువు కాదు, కేటలాగ్ కూడా కావచ్చు! 'భాష: అరబిక్, విషయం: ధర్మశాస్త్రం' అని ఒక్క లైన్ రాసి వదిలేస్తే, మాండింకా మీద పనిచేసేవాళ్లకి ఆ ప్రతి ఉందనే తెలీదు. భాష అనే ఫీల్డ్‌లో ఒకటి కంటే ఎక్కువ వాల్యూస్ పెట్టే వీలుండాలి. డీబీఎంఎస్ మొదటి యూనిట్ చదివినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

ఫోటో తీయడంలోనూ ఇదే సంగతి. పేజీ నాలుగు అంచులూ ఫ్రేమ్‌లో కనపడాలి, పక్కన రంగుల పట్టీ, స్కేల్ ఉండాలి. కలర్‌లోనే తీయాలి. మూలం ఒక సిరాతో, అర్థాలు ఇంకో సిరాతో ఉంటే, ఏది ముందు రాశారో ఎంతమంది రాశారో ఊహించడానికి ఆ రంగు తేడానే ఆధారం. ఫోన్ స్కానర్ యాప్ ఏం చేస్తుంది? అంచులు కత్తిరించి, నలుపు తెలుపు చేసి, "మచ్చలు" తుడిచేస్తుంది. పశ్చిమ ఆఫ్రికాలో చాలాచోట్ల 'ఎ' అచ్చు కోసం అక్షరం కింద ఒక చుక్క పెడతారు. యాప్‌కి అది మచ్చే.

ఇంకో విషయం. ఈ పుస్తకాలు చాలావరకు కుట్టినవి కావు. విడి కాగితాలు, వాటి చుట్టూ తోలు అట్ట. కింద పడితే వరస పోయినట్టేనా? కాదు. చాలా ప్రతుల్లో పేజీ అడుగున తర్వాతి పేజీలోని మొదటి మాట రాసి ఉంటుంది. లింక్డ్ లిస్ట్! ప్రతి నోడ్‌లో నెక్స్ట్ పాయింటర్ అన్నమాట. అది ఉండేది కూడా అంచులోనే, క్రాప్ చేస్తే అదీ పోతుంది.

ఫోటోల తర్వాత టైప్ చేయడం. ఇక్కడ మన బ్రాంచ్‌కి పని ఉంది. అక్కడి రాతలో 'ఫా' అక్షరానికి చుక్క కింద పెడతారు, 'ఖాఫ్'కి పైన ఒక్క చుక్కే. మనకి తెలిసిన అరబిక్‌లో పైన ఒక చుక్క అంటే ఫా. కాబట్టి మామూలు అరబిక్ మీద ట్రైన్ చేసిన మోడల్ ఖాఫ్‌ని ఫా అని చదివే ప్రమాదం ఉంది. యూనికోడ్‌లో ఈ రూపాలకి వేరే కోడ్‌లు ఉన్నాయి, ఆఫ్రికన్ భాషల అక్షరాలతో 2005లో అరబిక్ సప్లిమెంట్ అనే బ్లాక్ కూడా వచ్చింది. కానీ ఒకరు ఒక కోడ్‌తో, ఇంకొకరు ఇంకో కోడ్‌తో కొడితే సెర్చ్‌లో రెండూ కలవవు. ఉన్నది ఉన్నట్టు ఒక ఫీల్డ్‌లో, నార్మలైజ్ చేసింది ఇంకో ఫీల్డ్‌లో పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

ఇదంతా కుటుంబం ఒప్పుకుంటేనే. వాళ్లకి భయం ఉంటే తప్పు పట్టలేం. 1890లో ఫ్రెంచ్ సైన్యం ఇప్పటి మాలిలోని సెగూ నగరాన్ని గెలిచినప్పుడు అక్కడి గ్రంథాలయాన్ని పట్టుకుపోయింది, ఆ ప్రతులు ఇప్పటికీ పారిస్‌లో ఉన్నాయి. బ్రిటిష్ లైబ్రరీ 2004లో మొదలుపెట్టిన ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం: అసలు ప్రతి ఆ దేశంలోనే ఉంటుంది, బయటికి వెళ్లేది డిజిటల్ కాపీ. కాజమాన్స్ మాండింకా ప్రతులను బోస్టన్ యూనివర్సిటీకి చెందిన ఫాలూ ఙోమ్ బృందం డిజిటైజ్ చేసింది కూడా ఈ ప్రోగ్రామ్ కిందే.

అంచుల్లో పాఠం అర్థాలే కాదు, ఇంటి విషయాలు కూడా ఉండొచ్చు: పిల్లల పుట్టిన రోజులు, అప్పుల లెక్కలు, ఎవరికీ చూపించని ప్రార్థనలు. ఏ పేజీ ఆన్‌లైన్‌లో పెట్టాలో, ఏది పెట్టకూడదో అప్‌లోడ్‌కి ముందే ఆ ఇంటివాళ్లతో కూర్చుని, పేజీ పేజీ చూపించి అడగాలి.