బంగారు మోకీలు - తెలుసుకోవలసిన విషయాలు

"బంగారు మోకీలు వేయిస్తే ఇక జీవితాంతం అరగదట కదండీ?" మోకీలు మార్పిడి ఆపరేషనుకు ముందు రోగి బంధువులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. కొందరు అప్పు చేసైనా అదే వేయించాలనుకుంటారు.

అందులో బంగారం ఉండదు. మామూలు లోహపు కీలు మీద టైటానియం నైట్రైడ్ వంటి గట్టి పదార్థాన్ని చాలా పలుచగా పూత పూస్తారు. ఆ పసుపు రంగు దానిదే. పూత వల్ల లోహం మీద గీతలు తక్కువ పడతాయి. నికెల్ పడనివారికి కూడా దీనిని వాడుతుంటారు.

అయితే కృత్రిమ మోకీలులో ప్రధానంగా అరిగేది లోహం కాదు, రెండు లోహపు భాగాల మధ్య ఉండే పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ దిమ్మ. లోహం మీద గీత పడితే అది ఆకురాయిలా ప్లాస్టిక్‌ను గీకుతుంది. పూత వేయడంలో ఉద్దేశం దీనిని తగ్గించడమే. ప్రయోగశాల యంత్రాలలో కొన్ని పరీక్షలు మంచి ఫలితాలే ఇచ్చాయి. కానీ పూత ఉన్న కీలు మామూలు కీలుకంటే రోగి శరీరంలో ఎక్కువ ఏళ్లు మన్నుతుందని ఇంతవరకు స్పష్టంగా రుజువు కాలేదు.

ఇలాంటి అనుభవం ఇంతకుముందే ఒకటి ఉంది. ఇంగ్లండులో డాక్టర్ జాన్ చార్న్‌లీ 1958 నుండి తుంటి కీలుకు టెఫ్లాన్ గిన్నెలు వాడారు. టెఫ్లాన్ ఎంతో నున్నగా జారుతుంది. అయినా కొద్ది ఏళ్లలోనే లోహపు గుండు దానిని తొలిచేసింది. సుమారు 300 మందికి వేసిన ఆ పద్ధతిని వదిలివేయవలసి వచ్చింది. 1962లో ఆయన పాలిథిలిన్‌కు మారారు. అది టెఫ్లాన్ అంత జారదు, కానీ చాలా తక్కువగా అరుగుతుంది. జారే గుణం వేరు, అరగని గుణం వేరు. నేటికీ వాడేది ఆ జాతి ప్లాస్టిక్కే.

అరిగిన పొడి మరో చిక్కు తెస్తుంది. శరీరంలోని రక్షణ కణాలు దానిని తినబోయి, చుట్టూ ఉన్న ఎముకను కరిగిస్తాయి. కీలు వదులవుతుంది. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. అందుకే "నొప్పి లేదుగా" అని తనిఖీకి రావడం మానవద్దు. ఎక్స్‌రేలో ప్లాస్టిక్ కనబడదు, లోహాల మధ్య ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ తగ్గిందా లేదా అన్నది పాత ఎక్స్‌రేతో పోల్చితేనే తెలుస్తుంది. కాబట్టి పాత ఎక్స్‌రేలను, కీలు వివరాలున్న కార్డును భద్రపరచి, వచ్చేటప్పుడు తప్పక తీసుకురండి.